వేపింగ్‌లో వాట్ల లెక్క: ముందు వత్తి, తర్వాతే మంట

కొత్తగా వేపింగ్ పరికరం, అంటే నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్, కొనేవారి కళ్లు ముందుగా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్ల అంకె మీద పడతాయి. 80, 100, 220. బండి కొనేటప్పుడు సీసీ ఎంత అని అడిగినట్టు, ఇక్కడా ఎక్కువైతే మేలనే లెక్క. నిజానికి ఆ అంకె పరికరం గరిష్ఠంగా ఎంత శక్తి ఇవ్వగలదో చెబుతుంది తప్ప, మనకు ఎంత కావాలో చెప్పదు. సిగరెట్ మానాలని చూస్తున్న మనిషికి చాలాసార్లు 10 నుంచి 18 వాట్లు సరిపోతాయి. నా దృష్టిలో వాట్లు ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. దాన్ని మొదట పెట్టుకోవడం వల్లే చాలామంది మొదటి వారంలోనే గొంతు మండి, విసిగి, మళ్లీ సిగరెట్ పెట్టె అందుకుంటారు.

ఇంకాస్త ముందుకు వెళ్లేలోపు ఒక మాట. పొగ తాగే అలవాటు లేనివారికి ఈ లెక్కలతో పని లేదు. కొత్తగా నికోటిన్ అలవాటు చేసుకోవడానికి మంచి కాయిల్ అంటూ ఏదీ ఉండదు. కొన్ని దేశాల్లో వీటి అమ్మకమే నిషేధం. చట్టం అనుమతించే చోట, సిగరెట్ వదలలేక దీనివైపు చూస్తున్న పెద్దవారి కోసమే ఇదంతా.

కాయిల్ అంటే సన్నని లోహపు తీగ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే కాస్త పత్తి, అంతే. పత్తి ద్రవాన్ని పీల్చి తీగ దగ్గరికి చేరుస్తుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. ఒక దమ్ము లాగే రెండు మూడు సెకన్లలో ఈ రెండు పనులూ ఒకదానికొకటి సరితూగాలి. దీపం సంగతీ ఇంతే కదా. నూనె అందుతున్నంతసేపు వత్తికి ఏమీ కాదు, నూనె అడుగంటితే వత్తే మాడిపోతుంది. కొత్తవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే. తీగ అడిగినంత వేగంగా పత్తి ద్రవాన్ని అందించలేకపోతుంది.

కాయిల్ మీద 1.2 అనో 0.2 అనో కనిపించేది ఓముల్లో దాని నిరోధం. ఓమ్ తక్కువైతే శక్తి కూడా తక్కువేనని చాలామంది అనుకుంటారు, సంగతి తలకిందులు. వోల్టేజీని దానితోనే గుణించి నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3.7 వోల్టులు నేరుగా అందితే 1.2 ఓముల కాయిల్ దాదాపు 11 వాట్లు, 0.2 ఓముల కాయిల్ 68 వాట్లు తీసుకుంటుంది. మొదటిదానికి బ్యాటరీ 3 ఆంపియర్ల కరెంటు ఇస్తే చాలు, రెండోదానికి 18 దాటాలి. 1 ఓమ్ కంటే తక్కువ ఉన్నవాటిని సబ్-ఓమ్ అంటారు. అవి ఎక్కువ ద్రవం తాగుతాయి, ఎక్కువ ఆవిరి వదులుతాయి, బ్యాటరీని త్వరగా ఖాళీ చేస్తాయి.

అయితే ఓమ్ ఒక్కటే తెలిస్తే సరిపోదు. అదే మంట చిన్న గిన్నె కింద ఒకలా, గంగాళం కింద ఒకలా పనిచేస్తుంది. సన్నని తీగను నాలుగైదు చుట్లు చుట్టిన కాయిల్‌కు 30 వాట్లు ఇస్తే క్షణంలో పత్తి మాడుతుంది. జల్లెడలా చిల్లులున్న లోహపు రేకుతో చేసిన మెష్ కాయిల్‌కు అవే 30 వాట్లు గోరువెచ్చగా తగలవచ్చు. దాని ఉపరితలం పెద్దది కావడమే కారణం. కాబట్టి ‘ఎన్ని వాట్లు పెట్టుకోవాలి?’ అన్న ప్రశ్నకు ఏ కాయిల్ అని అడగకుండా ఎవరైనా జవాబు చెబితే నమ్మకండి. ఆ జవాబు సాధారణంగా కాయిల్ ఒంటి మీదే, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనిపించనంత చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటుంది. అక్కడ 12 నుంచి 16 అని ఉంటే 12 దగ్గర మొదలుపెట్టి, రుచి బాగుందనిపించిన చోట ఆగిపోవాలి. పై అంకె ఉన్నది హద్దు చెప్పడానికి.

కాయిల్‌ను ఎంచుకోవడానికి అసలు ఆధారం మనం దమ్ము లాగే తీరు. సిగరెట్ తాగేవారు పొగను ముందు నోట్లోకి తీసుకుని, తర్వాత ఊపిరితిత్తుల్లోకి దింపుతారు. హుక్కా తాగేవారు నేరుగా లోపలికి లాగుతారు. పెట్టెల మీద మొదటి తీరును ఎంటీఎల్ అని, రెండోదాన్ని డీఎల్ అని రాస్తారు. మొదటిదానికి 0.8 ఓమ్ అంతకుమించిన కాయిల్, బిగువైన గాలి దారి, తక్కువ వాట్లు. రెండోదానికి 0.5 కంటే తక్కువ, వెడల్పైన గాలి దారి, 30 నుంచి 80 వాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి సిగరెట్ లాగిన నోటికి మొదటి తీరే పరిచయం. దుకాణంలో మేఘాల్లా ఆవిరి వదులుతున్న వ్యక్తిని చూసి రెండోదానితో మొదలుపెట్టేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. వాళ్లకు కావలసింది ఒకటి, చేతిలో ఉన్నది మరొకటి.

ద్రవం నింపుకునే ట్యాంక్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. దాదాపు ప్రతి ట్యాంక్ తనకు సరిపడే కాయిల్ వరసతోనే వస్తుంది. కాబట్టి ఆ కాయిళ్లు మనకు ఎప్పుడూ దొరుకుతాయో లేదో చూసుకున్నాకే ట్యాంక్ కొనాలి. పరికరానికి బిగించే మర సాధారణంగా 510 రకం, కనుక ఒకరి ట్యాంక్ మరొకరి పరికరానికి సరిపోతుంది. పై నుంచి నింపే రకం చేతులకు తక్కువ అంటుకుంటుంది. మధ్యలోని గొట్టంలోకి ద్రవం పోస్తే కారక తప్పదు, ఆ తప్పు ట్యాంక్‌ది కాదు. నన్ను అడిగితే తొలి ఆరు నెలలకు ట్యాంక్ కూడా అవసరం లేదు, మళ్లీ నింపుకోగల చిన్న పాడ్ (పరికరంలో అమర్చే చిన్న ద్రవపు డబ్బీ) చాలు.

ద్రవంలో ప్రధానంగా ఉండేవి రెండు, ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్. మొదటిది పలచన, రుచినీ గొంతులో తగిలే ఆ చురుకునూ మోసుకొస్తుంది. రెండోది చిక్కన, ఆవిరిని దట్టం చేస్తుంది. ఎంటీఎల్ కాయిల్‌కు ఉండే చిన్న రంధ్రాల గుండా 70 శాతం గ్లిజరిన్ ఉన్న ద్రవం నిదానంగా దిగుతుంది. వరసగా నాలుగు దమ్ములు లాగితే పత్తి ఎండిపోతుంది. పెద్ద రంధ్రాల కాయిల్‌లో పలచని ద్రవం పోస్తే అడుగు నుంచి కారుతుంది. చిన్న కాయిల్‌కు సగం సగం మిశ్రమం, పెద్ద కాయిల్‌కు చిక్కనిది, ఇంతే సూత్రం.

నికోటిన్ మోతాదునూ వాట్లనూ విడివిడిగా చూడటం మరో పొరపాటు. 60 వాట్ల దగ్గర ఒక దమ్ములో ఆవిరయ్యే ద్రవం 12 వాట్ల దగ్గర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ (గొంతుకు మెత్తగా తగిలే నికోటిన్ రూపం) చిన్న పాడ్‌లో హాయిగా ఉంటుంది, అదే ద్రవాన్ని సబ్-ఓమ్ ట్యాంక్‌లో పోస్తే తల తిరిగి కడుపులో వికారం పుడుతుంది. పెద్ద ట్యాంకుల్లో 3 మిల్లీగ్రాముల ద్రవం వాడేది అందుకే. అదే 3 మిల్లీగ్రాముల ద్రవాన్ని చిన్న పాడ్‌లో పోసుకున్న మనిషి తృప్తి లేక రోజంతా లాగుతూనే ఉంటాడు.

వాట్ల హద్దు రుచికి మాత్రమే సంబంధించినదైతే ఇంత వాదించేవాణ్ని కాదు. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఒక లేఖ పెద్ద దుమారం రేపింది. ఒక ట్యాంక్ పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే కనిపించని, ఒంటికి హానిచేసే ఫార్మాల్డిహైడ్ సమ్మేళనాలు 5 వోల్టుల దగ్గర గణనీయంగా కనిపించాయని పరిశోధకులు రాశారు. అదే ఏడాది అడిక్షన్ పత్రికలో ఫర్సాలినోస్ అనే పరిశోధకుడి బృందం బదులిచ్చింది. పత్తి ఎండిన స్థితిలోనే ఫార్మాల్డిహైడ్ వంటి ఆల్డిహైడ్లు అంత ఎక్కువగా పుడతాయని, వాడేవారు ఆ మాడు రుచిని పసిగట్టి ఆపేస్తారని వారి వాదన. ఈ ప్రతివాదన బలమైనదే. కానీ మాడు రుచిని పసిగట్టేది అనుభవం ఉన్నవారు. మొదటి రోజు పరికరం పట్టుకున్న మనిషికి అసలు రుచే తెలియదు. గొంతు గీరుకుపోతుంటే వేపింగ్ అంటే ఇలాగే ఉంటుందేమో అనుకుని ఇంకో దమ్ము లాగుతాడు. అందుకే తక్కువ వాట్లతో మొదలుపెట్టడం నాకు జాగ్రత్తకన్నా ఎక్కువ. సరైన రుచి ఏదో నాలుకకు నేర్పేది అదే.

ఉష్ణోగ్రతను నియంత్రించే పరికరాలూ ఉన్నాయి. వేడెక్కే కొద్దీ నిరోధం మారే స్టెయిన్‌లెస్ స్టీల్, నికెల్ వంటి తీగలతోనే అవి పనిచేస్తాయి. ఎక్కువగా దొరికే కాంతల్ తీగ నిరోధం వేడికి దాదాపు మారదు కాబట్టి దానితో ఆ ఏర్పాటు వృథా. కొత్తవారు ఆ జోలికి పోకపోయినా నష్టం లేదు. ఏ రక్షణ సర్క్యూటూ లేని మెకానికల్ పరికరాల జోలికి మాత్రం అసలు పోకూడదు. విడి బ్యాటరీని తాళం చెవులున్న జేబులో వేసుకుంటే షార్ట్ అయి మంటలు రావచ్చు, దానికి ప్లాస్టిక్ డబ్బీ తప్పనిసరి.

నా మొదటి కాయిల్ పది నిమిషాలు బతికింది. బిగించి, నింపి, వెంటనే మీట నొక్కాను. పత్తి మధ్యభాగం ఇంకా పొడిగానే ఉంది. కొత్త కాయిల్‌లో నాలుగైదు చుక్కలు నేరుగా పత్తి మీద వేసి, ట్యాంక్ నింపాక పది నిమిషాలు ఆగాలని తర్వాత తెలిసింది. ఒకసారి మాడిన పత్తి మళ్లీ బాగుపడదు, కాయిల్ మార్చాల్సిందే. సరిగ్గా వాడితే ఒకటి రెండు వారాలు వస్తుంది, తీపి ఎక్కువున్న ద్రవమైతే అంతకన్నా తక్కువ. తీపి కోసం కలిపే సుక్రలోజ్ తీగ మీద నల్లటి పూతలా పేరుకుంటుంది, రుచి మొద్దుబారుతుంది. అప్పుడు చాలామంది చేసే పని వాట్లు రెండు మెట్లు పెంచడం. రుచి కాసేపు తిరిగి వచ్చినట్టే ఉంటుంది. వచ్చేది ఆ నల్లటి పూత మాడుతున్న వాసన.