మహారాజశ్రీ గ్యాస్ బండ గారికి

నమస్కారాలు. విజయనగరం అయ్యకోనేరు గట్టు దగ్గర, అద్దె పోర్షన్‌లో కాపురముంటున్న ఇల్లాలు రాసుకున్నది.

మా కొత్త కాపురంలో అందరికన్నా బరువైనవారు మీరే. మీ ఒంటినిండా రాతలే. ఖాళీ బరువెంతో రాసుంది. లోపల 14.2 కిలోలని రాసుంది. మళ్లీ పరీక్ష ఎప్పుడో కూడా ఉంది: డి-27 అంటే 2027 డిసెంబరు లోపు అట. ఇంకా ఎన్నాళ్లు వస్తారన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదు. మా ఆయన డొక్కు బండికే పెట్రోలు ముల్లుంది. మీరు మాత్రం నిండుగా ఉన్నా, అయిపోవస్తున్నా ఒకటే మొహం పెడతారు.

మామూలు రోజుల్లో మీతో గొడవేం లేదు. పొద్దున ఉప్మా, రాత్రికి చారు. "సిమ్‌లో పెట్టొచ్చుగా" అని ఆయన, "స్నానానికి నీళ్లు గ్యాస్ మీద కాచొద్దు" అని నేను. మా సంసారంలో సగం మాటలు మీ గురించే.

మీ అసలు రంగు బయటపడేది సిరిమాను పండక్కి. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం ఈ ఊళ్లో ఎవరిల్లూ వాళ్లది కాదు. పైడితల్లమ్మ సిరిమాను, అదే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, చూడ్డానికి బొబ్బిలి నుంచి, రాజాం నుంచి, పార్వతీపురం నుంచి పిల్లాజెల్లాతో మా ఆయన కాలేజీ స్నేహితులంతా దిగిపోయారు. సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటాకే. అంతవరకూ అందరిదీ వంటగదే. ఒకరు కోడి కడిగి పసుపు పట్టించారు, ఒకరు గారెల పిండికి కూర్చున్నారు. బూరెల మూకుడు నాకు వదిలారు.

రెండో వాయి వేశానో లేదో మంట ఎర్రబడింది. నూనె చల్లబడేసరికి తోపు విడిపోయి, పూర్ణాలన్నీ పగిలి, మూకుడంతా శనగపప్పూ బెల్లమూ.

"ఏటి వదినా, బండ అయిపోనాదా?" అంటూ రాజాం తమ్ముడు లోపలికొచ్చాడు. ఇక మీకు వైద్యం మొదలైంది. పనసపండు ముగ్గిందో లేదో చూసినట్టు ఒకాయన వేలితో కొట్టి చెవి పెట్టాడు. "ఒక్కపాలి పడుకోబెట్టి సూడండి" అన్నాడు ఇంకొకాయన. బొబ్బిలి వాళ్లావిడ సైన్సు టీచరు. "పడుకోబెడితే లోపలి ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది, ఇల్లంటుకుంటుంది" అని గట్టిగా కేకేసి, తడిగుడ్డతో తుడిచి చూడమంది. ద్రవం ఉన్నంత మేరా చల్లగా ఉంటుంది గనక తడి ఆరడానికి టైం పడుతుందట. మీరు మెడ నుంచి అడుగుదాకా ఒకేసారి ఆరిపోయారు. మీరు దాపరికం లేకుండా నిజం చెప్పింది అదొక్కసారే.

బుక్ చేస్తే మాత్రం, సిరిమాను రోజున బండి ఎలా వస్తుంది? మూడు లాంతర్ల కూడలి దగ్గర మనిషి దూరే సందు లేదు. ఇండక్షన్ పొయ్యి మీద నా అల్యూమినియం మూకుడు పెడితే అది కూతలు పెట్టిందే గానీ వేడెక్కలేదు.

మా అత్తగారిది ఇచ్ఛాపురం వైపు. 2024 నవంబరు 1న ఆ పక్కనే ఈదుపురంలో దీపం-2 అనే ఉచిత గ్యాస్ పథకం మొదలుపెట్టారు కదా, ఆవిడకి ఏడాదికి 3 బండలు ఉచితం. ముందు కట్టిన డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. ఉన్నది ఒక్క మనిషి, పైగా పెరట్లో కట్టెల పొయ్యి. ఫోన్ చేస్తే "నా బండ నిండుగానే ఉన్నాది, అట్టుకెళ్లండి" అన్నారు. 150 కిలోమీటర్ల పైమాటే!

ఆఖరికి కోడికూర డాబా మీదికెక్కింది. మూడు ఇటుకలు, కొబ్బరి మట్టలు, పైన మబ్బులా పొగ. మెట్ల మీద ఓనరుగారు. "పొగ వాసన తగిలితేనే కూర" అని మా ఆయన లొట్టలేస్తుంటే కళ్లు తుడుచుకుంటూ ఊరుకున్నాను. బూరెలకి మాత్రం పక్కింటి పిన్నిగారు తన రెండో బండ ఇచ్చారు. గొలుసు అడిగినా అంత ఆలోచించి ఉండరు. "నిండుది అమ్మా" అని మూడుసార్లు అన్నారు. చింతమాను చివర కూర్చున్న పూజారిగారు మా ముందు నుంచి అంతెత్తున వెళ్తుంటే ఊరంతా చేతులెత్తి మొక్కింది. నేనూ మొక్కాను. నా మనసు మాత్రం పిన్నిగారి బండ మీదే ఉంది.

సంక్రాంతికి మళ్లీ వస్తామన్నారు స్నేహితులు. అరిసెలట. పాకం మధ్యలో మీరు చేతులెత్తేస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? మీ పెద్దలతో మాట్లాడి ఒక చిన్న ముల్లు పెట్టించుకోండి. లేదా రెండో బండ కోసం మేం పెట్టిన దరఖాస్తు మీద కాస్త దయ చూపండి.

ఇట్లు,
మీ మీదే ఆధారపడ్డ ఇల్లాలు

తా.క.: పిన్నిగారికి నిండు బండే తిరిగిచ్చాం. సీలు కూడా తియ్యలేదు. అయినా ఆవిడ పైకెత్తి, ఊపి చూసి, తర్వాత "పండగ బాగా జరిగిందా అమ్మా" అని అడిగారు.