వెయ్యి కార్డ్‌లు, ముగ్గురు శ్రోతలు: లెక్క తప్పిన ఒక జోకు

ఆల్బమ్‌ల మీద వాదన వేడెక్కిందంటే చాలు, ఎవరో ఒకరు ఈ మాట తీస్తారు: "రాక్ వాద్యకారుడు మూడు కార్డ్‌లను వెయ్యిమందికి వాయిస్తాడు, జాజ్ వాద్యకారుడు వెయ్యి కార్డ్‌లను ముగ్గురికి వాయిస్తాడు." కొందరు దానికి తోక కూడా తగిలిస్తారు: "పంక్ వాళ్లకు ఆ మూడూ రావు." పంక్ అంటే 1970లలో పుట్టిన గరుకైన, వేగమైన రాక్. జోకుగా బాగానే ఉంది, మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు దాన్ని తీర్పులా వాడుతున్నారు. జాజ్ చదువుకున్నవాళ్లది, రాక్ గుంపుది, పంక్ చేతకానివాళ్లది అని తేల్చేసి, అవతలివాడి నోరు మూయించడానికి పనికొస్తోంది. అందుకే ఇందులోని ఒక్కో ముక్కనూ విడదీసి చూద్దాం.

ముందుగా ఆ వెయ్యి కార్డ్‌ల సంగతి. కొన్ని స్వరాలు ఒకేసారి మోగితే అది కార్డ్. జాజ్‌లో అవి గుట్టలుగా ఉంటాయని అనేవాళ్లు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి ట్రాక్‌ను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వినాలి. ఆ ట్రాక్ పేరు 'సో వాట్', అది 32 బార్‌ల చక్రం (బార్ అంటే తాళంలో ఒక ఆవృతం లాంటిది). మొదటి 16 బార్‌లూ డి డోరియన్ అనే ఒకే స్వరశ్రేణి. తరువాత 8 బార్‌లకు అదే శ్రేణి అరమెట్టు పైకి జరుగుతుంది, చివరి 8 బార్‌లకు మళ్ళీ కిందికి దిగుతుంది. అంతే. పాల్ చేంబర్స్ బేస్ మీద ఒక ప్రశ్న వేస్తే మిగతావాళ్లు రెండు దెబ్బల్లో జవాబు చెబుతారు. అంత తక్కువ సామగ్రితో తొమ్మిది నిమిషాలు నడుస్తుంది, ఎక్కడా విసుగు పుట్టదు.

ఆ ఆల్బమ్‌లో టెనర్ శాక్సొఫోన్ వాయించిన జాన్ కోల్‌ట్రేన్ అదే సంవత్సరం మే నెలలో 'జయంట్ స్టెప్స్' రికార్డు చేశాడు. దాని టైటిల్ ట్రాక్‌లో 16 బార్‌లలో 26 సార్లు కార్డ్ మారుతుంది, అదీ పరుగు లాంటి లయలో. పియానో దగ్గరున్న టామీ ఫ్లానగన్ సామాన్యుడు కాదు. అయినా తన వంతు వచ్చేసరికి మొదట ధైర్యంగానే బయలుదేరి, మధ్యలో తడబడి, వాక్యాలు తెగిపోయి, చివరకు ఉత్త కార్డ్‌లు పట్టుకుని ఒడ్డున పడతాడు. ఆ తడబాటు రికార్డులో అలాగే ఉంది. నాకు ఆ ట్రాక్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఒకే మనిషి, ఒకే ఏడాది, కొద్ది వారాల తేడాతో రెండు ఆల్బమ్‌లు. ఒకదానిలో కార్డ్‌లు దాదాపు లేవు, రెండోదానిలో ఊపిరి సలపనన్ని. మరి జాజ్ ఏది? ఇంకో విశేషం ఉంది. ఆ కార్డ్‌ల అడవిని దాటిన కోల్‌ట్రేన్ 1960లో 'మై ఫేవరిట్ థింగ్స్' వాయించేటప్పుడు సోలోలన్నిటినీ (ఒక్కొక్కరు విడిగా వాయించే భాగాలను) రెండేసి కార్డ్‌ల మీదే సాగదీశాడు. కార్డ్‌ల సంఖ్యే పాండిత్యమైతే ఆయన ఏడాదిన్నరలో పాండిత్యం పోగొట్టుకున్నాడనాలి. అన్నట్టు, తంబురా శ్రుతి మీద ఒకే రాగాన్ని గంటసేపు ఆలపించే విద్వాంసుడికి ఈ కొలబద్దతో సున్నా మార్కులు పడతాయి.

1940ల నాటి వేగమైన జాజ్ శైలి బీబాప్ కాలపు ట్యూన్‌లలో కార్డ్‌లు చకచకా మారతాయన్నది నిజమే, కాదనను. అది జాజ్‌లో ఒక గది, ఇల్లంతా కాదు.

ఇక ఆ ముగ్గురు శ్రోతలు. 1975 జనవరి 24 రాత్రి జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో జాజ్ పియానో వాద్యకారుడు కీత్ జారెట్ ఒంటరిగా పియానో ముందు కూర్చున్నాడు. కోరిన పెద్ద పియానో బదులు ఒక చిన్నది వచ్చింది. పై స్వరాలు రేకు డబ్బాలా మోగుతున్నాయి, కింది స్వరాలకు బలం లేదు, పెడల్స్ సరిగా పనిచేయడం లేదు. దాంతో ఆయన నడిమి స్వరాల దగ్గరే ఉండిపోయి, ఎడమచేత్తో ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తూ బలం పుట్టించాడు. మొదటి భాగంలో దాదాపు 12 నిమిషాలు ఎ మైనర్ సెవెన్, జి మేజర్ అనే రెండు కార్డ్‌ల మధ్యే ఊగుతుంది. హాల్లో 1,400 మందికి పైగా ఉన్నారు. ఆ రాత్రి రికార్డు జాజ్ సోలో ఆల్బమ్‌లలో అత్యధికంగా అమ్ముడైనదిగా నిలిచింది. జోకును అక్షరాలా తలకిందులు చేయాలంటే ఇంతకన్నా ఏం కావాలి? 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతి చెప్పనే లేదు, అమెరికాలోనే 50 లక్షల ప్రతుల ధ్రువపత్రం పొందింది. "అవి మినహాయింపులు" అంటారు. ఆ సంగీతంలో అందరికీ తెలిసిన ఆల్బమ్‌లే మినహాయింపులైతే నియమం ఎక్కడ దాక్కున్నట్టు?

రాక్ మూడు కార్డ్‌లదే అన్నదాని మీద ఎక్కువసేపు ఆగను. స్టీలీ డాన్ అనే రాక్ బ్యాండ్ 1977 ఆల్బమ్ 'ఏజా' వింటే చాలు. టైటిల్ ట్రాక్‌లో శాక్సొఫోన్ వేయడానికి పిలిచింది మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన వేన్ షార్టర్‌ను. ఆయనను తికమకపెట్టగల కార్డ్‌లే అందులో ఉన్నాయి. ఆ ఆల్బమ్ అమెరికా చార్టులో (ఆల్బమ్‌ల ఆదరణ పట్టికలో) మూడో స్థానం దాకా వెళ్లింది.

అసలు నాకు కోపం తెప్పించేది తోక. పంక్ వాళ్లకు వాయించడం రాదనడానికి అందరూ చూపించే సాక్ష్యం 1977 జనవరిలో 'సైడ్‌బర్న్స్' అనే అభిమానుల పత్రికలో వచ్చిన ఒక చేతిగీత. ఎ, ఇ, జి అనే మూడు కార్డ్‌లకు గిటార్ మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో గీసి, ఇది ఒక కార్డ్, ఇది ఇంకొకటి, ఇది మూడోది, ఇప్పుడు బ్యాండ్ పెట్టుకోండి అని రాశారు. దాన్ని నేరాంగీకారంలా చదువుతున్నారు. అది ఆహ్వానం. మొదలుపెట్టడానికి మూడు చాలన్నారు గానీ మూడు దాటకూడదని అనలేదు.

అదే ఏడాది వచ్చిన, 'టెలివిజన్' అనే పంక్ బ్యాండ్ ఆల్బమ్ 'మార్కీ మూన్' టైటిల్ ట్రాక్ దాదాపు పది నిమిషాలుంటుంది. రెండు గిటార్లు ఒకదానినొకటి తప్పించుకుంటూ, అల్లుకుంటూ పోతాయి. బ్యాడ్ బ్రెయిన్స్ అనే బ్యాండ్‌ది మరీ విచిత్రం. వాళ్లు మొదట 'మైండ్ పవర్' పేరుతో జాజ్‌ను రాక్‌తో కలిపే జాజ్ ఫ్యూజన్ వాయించేవారు. ఆ తరువాత పంక్‌లోకి దిగారు. 1980లో వచ్చిన వాళ్ల మొదటి సింగిల్ నిమిషన్నర కూడా ఉండదు. కార్డ్‌లు రాక అలా వాయించారనడం కుదరదు.

పంక్‌కు వెయ్యిమంది ఉన్నారా అంటే అదీ లేదు. పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. 6,400 డాలర్ల ఖర్చుతో తయారైంది, 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. చార్టులో 111వ స్థానం దాటలేదు. అమెరికాలో అయిదు లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు దానికి 2014లో వచ్చింది, 38 ఏళ్ల తరువాత. మూడు కార్డ్‌లు వాయిస్తే జనం వచ్చేస్తారన్న లెక్క వాళ్ల దగ్గర ఎందుకు పనిచేయలేదో ఎవరూ చెప్పరు.

ఆ ఆల్బమ్‌లో జానీ రామోన్ గిటార్‌ను పైనుంచి కిందికే కొడతాడు. కిందినుంచి పైకి వచ్చేటప్పుడు తీగను తాకనివ్వడు. అందుకే ఆ శబ్దం అంత గట్టిగా, రంపంలా ఒకే తీరున కోస్తుంది. ఒకసారి వాదనలో నేను కూడా "అందులో ఏముంది, ఎవరైనా వాయిస్తారు" అన్నాను. అవతలి మిత్రుడు మాట్లాడకుండా గిటార్ చేతికిచ్చి రికార్డు పెట్టాడు. కార్డ్‌లు వెంటనే దొరికాయి. మణికట్టు మాత్రం రెండో పాట ముగియకుండానే పట్టేసింది. అప్పటికి నాలుగు నిమిషాలు దాటిందో లేదో. రికార్డు మటుకు ఆగలేదు, ఇంకా పన్నెండు పాటలు మిగిలే ఉన్నాయి.