ఇంటి కొలను బురద తీసే మెషీన్ అమెరికా నుంచి పంపకండి

తిరుపతిలోనూ, చిత్తూరులోనూ నాకు తెలిసిన చాలా ఇళ్ళ ముందు చిన్న కొలనులు వెలిశాయి. నాలుగు తామరలు, కాసిని గప్పీ చేపలు, చుట్టూ రాళ్ళు. ఎక్కువగా మనం ఇక్కడ అమెరికా నుంచి డబ్బు పంపి కట్టించినవే. రెండేళ్ళు తిరిగేసరికి రాలిన ఆకులు, చేపల మలం, మిగిలిపోయిన మేత కలిసి అడుగున నల్లటి బురదగా పేరుకుంటాయి. దాన్ని తీసే పని డెబ్భై ఏళ్ళ అమ్మానాన్నల మీద పడుతుంది. ఈ విషయం మనం పట్టించుకోవాలి.

చాలామంది నీళ్ళన్నీ తోడించేస్తారు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు కొలనులో సుమారు 4,200 లీటర్లు పడతాయి. ఊరికి నీళ్ళిచ్చే కల్యాణి డ్యాం అడుగంటిన వేసవిలో తిరుపతిలో అన్ని నీళ్ళు కాలవలో పోయడానికి మనసెలా ఒప్పుతుంది? పైగా చేపల వల్ల పుట్టే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఆ రాళ్ళమీదే బతుకుతుంది. కొలను ఎండగట్టి, రాళ్ళు రుద్ది, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళు ఒక్కసారిగా నింపితే చేపలు చచ్చిపోతాయి. ఒక విడతలో పావు వంతు నీళ్ళు మారిస్తే చాలు.

ఇంకొందరు ఇక్కడ పాండ్ వ్యాక్యూమ్ (కొలను అడుగు బురద లాగే మెషీన్) కొని సూట్‌కేసులో పెట్టుకెళ్తారు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి తగ్గించినా హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ) మారదు, మోటారు సరిగ్గా నడవకపోవచ్చు. ఏదైనా పాడైతే స్పేర్ పార్టు ఊళ్ళో దొరకదు. అది స్టోర్‌రూంలో మూలన పడుతుంది.

అందుకే బురద లాగే సాధనం ఊళ్ళోనే చేయించండి అంటున్నాను. కావాల్సినవి మూత గట్టిగా బిగుసుకునే మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము, ఫౌంటెన్లకు వాడే చిన్న సబ్‌మెర్సిబుల్ (నీళ్ళలో మునిగి పనిచేసే) పంపు, రైతులు వాడే ఒకటిన్నర అంగుళం సక్షన్ పైపు. అసలు కిటుకు పంపు ఎక్కడ పెడతామన్న దాంట్లో ఉంది. అందరూ పంపుని నేరుగా బురదలో దించుతారు. మా ప్లంబర్ ఒక్క మాటలో తేల్చేశాడు: "బురద తాపితే పంపు యాడ బతుకుతాదినా?" పంపు డ్రమ్ము లోపల ఉండాలి. ముందు డ్రమ్ముని నీళ్ళతో నింపి మూత బిగించాలి. పంపు ఆ నీళ్ళను ఒక పైపులోంచి బయటికి తోస్తుంటే, ఆ ఖాళీని నింపడానికి కొలను నీళ్ళు సక్షన్ పైపులోంచి బురదతో సహా లోపలికి వస్తాయి. ఆ సక్షన్ పైపు కొసకి డ్రమ్ములో దోమతెర గుడ్డతో కుట్టిన సంచి కడితే ఆకులు, చెత్త అందులోనే ఆగిపోతాయి. పంపు దాకా చేరేది కాస్త మురికి నీళ్ళే. మూత దగ్గర గాలి ఏమాత్రం దూరినా లాగడం ఆగిపోతుంది కాబట్టి రబ్బరు వాషర్ల దగ్గర పీనాసితనం వద్దు. కొలనులో ఉండే పైపు మూతికి పెద్ద కళ్ళ జాలీ బిగిస్తే చేపలు రక్షింపబడతాయి. కొలను కంటే తోట పల్లంలో ఉంటే పంపు కూడా అక్కర్లేదు, సైఫన్ (నీళ్ళు నింపిన పైపులోంచి పల్లానికి వాటంతటవే దిగడం) చాలు.

మరీ ముఖ్యంగా, ఇది పాడైతే వీధి చివర ప్లంబరే బాగు చేయగలడు. ఇంతకంటే మంచి గ్యారంటీ నేను చూడలేదు.

తీసిన బురద పారేయకండి. మన వైపు రైతులు ఎండాకాలంలో చెరువు పూడిక మట్టి పొలాలకు తోలుకునేది ఎందుకు? కొలను బురదలోనూ ఆ సారమే ఉంటుంది. మల్లె పాదుకో, మామిడి మొదటికో పోయించండి. బయటికొచ్చే నీళ్ళనీ అటే మళ్ళించవచ్చు. దోమల భయంతో మాత్రం కొలను పూడ్పించకండి, గప్పీలు దోమ పిల్లలను తినేస్తాయి. నీళ్ళు నిలిచిన పాత టైర్లు, పూలకుండీ పళ్ళాలు చూసుకోండి.

కరెంటు విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. పంపు నడుస్తుండగా ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి, ఎర్తింగ్ సరిగా ఉండాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఈ రెండూ ఉండవు. ఈ సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ రెండూ పెట్టించి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఎలా నొక్కాలో నాన్నకి చూపించండి. డ్రమ్ము తర్వాత కొనొచ్చు.