డబ్బు సరే, లోపల జరిగే పని సంగతేంటి?
టూరిజం డబ్బుల వల్లే పాత కట్టడాలు నిలబడుతున్నాయని మీ వ్యాసంలో రాశారు, సగం వరకు ఒప్పుకుంటా. కానీ ఆ డబ్బుతో పాటు లోపల జరిగే పని, అంటే ప్రార్థనో మరోటో ఆ కట్టడాన్ని దేనికి వాడుతున్నారో అది కూడా మారిపోతుంది కదండీ, దాని గురించి ఒక్క ముక్కన్నా రాయాల్సింది. ఇస్తాంబుల్ హగియా సోఫియానే చూడండి, చర్చి, మసీదు, మ్యూజియం, 2020లో మళ్ళీ మసీదు, ఇక 2024 నుంచేమో విదేశీ టూరిస్టులు 25 యూరోలు కట్టి వేరే గేటులోంచి పై గ్యాలరీకి పోవాలి, నమాజేమో కింది అంతస్తులో. రోమ్‌లో పాంథియన్ అనే పాత రోమన్ గుడి 609 నుంచీ చర్చే, అక్కడా 2023లో టికెట్ పెట్టేశారు.

కన్జర్వేషన్ వాళ్ళు, అంటే పాతవాటిని పాడవకుండా కాపాడేవాళ్ళు, వాళ్ళూ ఏం తక్కువ కాదు. ఇటలీలోనే పాదువాలో స్క్రోవెన్యి చాపెల్ అని ఉంది, గోడల నిండా జొత్తో అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు. మన ఊపిరిలో తేమ, బట్టల మీది దుమ్ము వాటిని పాడుచేస్తాయని 25 మందిని ముందు ఒక అద్దాల గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి గాలి సర్దుకున్నాకే లోపలికి వదుల్తారు, లోపల కూడా కాసేపే, టైమ్ అవగానే బయటికి. ఒకప్పుడు ఒక కుటుంబం కట్టించుకున్న ప్రార్థన మందిరం అది! ఇప్పుడు ఎవరైనా స్థిమితంగా దణ్ణం పెట్టుకోగలరా అక్కడ? అలాగని తలుపులు బార్లా తీసెయ్యమనను, బొమ్మలు పోతే ఇంకేం మిగుల్తుంది.

పారిస్ ఓర్సే రైల్వే స్టేషన్ కథ వేరు, ప్లాట్‌ఫారాలు పొడుగు రైళ్ళకి చాలక మూలపడింది కాబట్టి 1986లో మ్యూజియం చేశారు, బాగుంది. పాత పని ఇంకా నడుస్తున్న చోటే అసలు పేచీ. పాత కట్టడాలని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి ఒకటుంది, 1964 వెనిస్ చార్టర్ అని, దాని ఐదో ఆర్టికల్లో సమాజానికి పనికొచ్చేలా వాడుకోండి, కానీ కట్టడం ప్లాను, అలంకరణ మార్చొద్దు అన్నారు, అక్కడ గోడల మాటే గానీ రోజూ వచ్చిపోయే జనం మాట లేదు మరి.