మహారాజశ్రీ ఓల్డ్ కోర్స్ గారికి

మహారాజశ్రీ సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. స్కాట్లండ్‌లో గోల్ఫ్ మైదానంగా వెలసిన తమరి దర్శనానికి వచ్చేవాళ్లలో గోల్ఫ్ కర్రను ఎటు పట్టుకోవాలో కూడా తెలియని జాతి ఒకటుంది. నేను ఆ జాతివాణ్ణి. అమ్మాయి డండీలో చదువుతోంది కాబట్టి 99 నంబరు బస్సెక్కి వచ్చాను. రైల్లో వద్దామంటే మీ ఊరి స్టేషన్‌ను 1969లోనే మూసేశారట. ప్రపంచమంతా మీకోసం ఎగబడుతుంటే, లూకర్స్‌లో దిగి బస్సు పట్టుకోమంటారు. గొప్పవాళ్ల వ్యవహారం ఎక్కడైనా ఇంతే లెండి.

ముందుగా ఒక ఫిర్యాదు. మీ ఊళ్లో చూడాల్సినవి బోలెడున్నాయి. 1413 నాటి యూనివర్సిటీ ఉంది. 1318లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ ఎదుట ప్రతిష్ఠ జరిగిన కథీడ్రల్ ఉంది. స్కాట్లండ్‌లో అంత పెద్దది ఇంకోటి కట్టలేదు. 1559లో ప్రొటెస్టంట్ మతసంస్కర్త జాన్ నాక్స్ ప్రసంగాలు విన్న జనం దాని మీద పడ్డారు, ఆ తర్వాత దాని రాళ్లు మెల్లమెల్లగా ఊళ్లోవాళ్ల ఇళ్ల గోడల్లోకి నడిచి వెళ్లాయి. కోటలో సీసా ఆకారంలో తొలిచిన చెరసాల ఉంది. 1528లో పాట్రిక్ హామిల్టన్ అనే యువకుణ్ణి మతం పేరుతో సజీవదహనం చేసిన చోట, రోడ్డు రాళ్లలో అతని పొడి అక్షరాలు పొదిగారు. వాటిని తొక్కితే డిగ్రీ పోతుందని విద్యార్థులు ఇప్పటికీ పక్కకు తప్పుకుని నడుస్తారు.

వీటన్నిటికంటే నా మనసు ఆగింది సౌత్ స్ట్రీట్‌లో, మద్రాస్ కాలేజీ పాత భవనం ముందు. ఔను, మద్రాసే. మీ ఊళ్లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే ఆయన 1787లో మద్రాసు వెళ్లి అక్కడ అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపాడు. ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటున్న మన వీధిబడి పిల్లల్ని చూసి, తన బడిలోనూ ఇసుక పోయించాడు. నేర్చుకున్న పిల్లాడి చేత నేర్చుకోని పిల్లాడికి చెప్పించాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరు పెట్టి ఇంగ్లండంతా తిప్పాడు. చివరికి ఆయన డబ్బుతోనే 1833లో ఈ బడి తెరిచారు. మన ఇసుక ఇంత దూరం వచ్చి గురుదక్షిణ పుచ్చుకుందన్నమాట! ఆ భవనం ముందు నేను తప్ప ఇంకెవరూ ఆగలేదు. వచ్చేవాళ్లందరికీ కావలసింది తమరి ఇసుకే.

సరే, మీ స్విల్కన్ వంతెన దగ్గరికి వద్దాం. కింద పారే నీళ్లు మా పంటకాలువ అంత కూడా లేవు. దాని మీద నాలుగడుగుల్లో దాటే రాతి వంతెన. అక్కడొక క్యూ. రెండుసార్లు ఇక్కడే ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచిన ఆటగాడు జాక్ నిక్లాస్ 2005లో ఆ వంతెన మీద నిలబడి, ఆటకు వీడ్కోలు చెబుతూ చెయ్యి ఊపాడు. ఆ రోజు నుంచీ వచ్చినవాళ్లందరూ ఊపుతున్నారు, ఏమీ గెలవకుండానే. నా ముందు నిలబడ్డ పెద్దమనిషైతే గొడుగు భుజాన వేసుకుని, కాలు కాస్త ముందుకు పెట్టి, కళ్లలో తడి కూడా తెప్పించుకున్నాడు. ఫొటో సరిగా రాలేదని భార్య మళ్లీ నిలబడమంటే మళ్లీ తెప్పించుకున్నాడు. ఈ తొక్కిడికి అక్కడ గడ్డి బతకడం లేదని 2023లో వంతెన మొదట్లో రాళ్లు పరిస్తే, పెరట్లో అరుగులా ఉందని లోకమంతా గోల పెట్టింది. కొద్ది రోజుల్లోనే పీకేశారు. కథీడ్రల్ రాళ్లు ఊరంతా పట్టుకుపోతే ఇంత గొడవ అయ్యిందో లేదో!

అసలు తమరి పుట్టుక ఏమంత ఘనమైనదని? సముద్రానికీ సాగుభూమికీ నడుమ ఎందుకూ పనికిరాని ఇసుకనేల. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగిన గుంటలే తర్వాత బంతిని చిక్కించుకునే బంకర్లయ్యాయని చెబుతారు. కుర్రాళ్లు విలువిద్య మానేసి ఈ ఆటలో పడ్డారని 1457లో రెండో జేమ్స్ రాజు పార్లమెంటు చేత గోల్ఫ్‌ను నిషేధింపజేశాడు. 1491లో నాలుగో జేమ్స్ మళ్లీ నిషేధించి, 1502లో తనే కర్రలు కొనుక్కున్నాడు. ఇలాంటి ప్రభువులు మాకూ అలవాటే. 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్ పత్రం రాసిచ్చాడు: కుందేళ్లు పెంచుకునే వీలు ఆయనకు, ఆడుకునే హక్కు ఊరికి. 1797లో అప్పులపాలైన ఊరి పెద్దలు మిమ్మల్నే అమ్మేశారు. కుందేళ్ల వ్యాపారులు దిగారు, గోల్ఫర్లు కోర్టుకెక్కారు, ఆ తగాదా ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 1894లో పార్లమెంటు చట్టం తెచ్చుకుని ఊరే మిమ్మల్ని మళ్లీ కొనుక్కుంది. చెరువు భూములు ఒకసారి చేతులు మారితే మళ్లీ చెరువు కావడం ఎరగని మాకు ఇది పురాణకథలా ఉంటుంది.

ఇప్పుడేమో తమరి మీద ఆడాలంటే రెండు రోజుల ముందు పేరిచ్చి లాటరీ కోసం కాచుక్కూర్చోవాలి. తగిలితే సీజన్లో 300 పౌండ్ల పైమాట. రూపాయల్లో లెక్కెయ్యొద్దని అమ్మాయి ముందే హెచ్చరించింది. అంత పోసి వచ్చినవాణ్ణి 17వ హోల్ (బంతిని వేయాల్సిన గుంట) దగ్గర ఆ రోడ్ హోల్ బంకర్లో పడేస్తారు. పచ్చిక పెళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చిన నిలువు గోడ, కింద ఇసుక. 1978 ఓపెన్లో జపాన్ ఆటగాడు నకజిమా అందులోంచి బయటపడలేక ఆ ఒక్క హోల్‌కే బంతిని 9 సార్లు కొట్టాడు. ఇప్పుడా బంకర్‌ను ఆయన పేరుతోనే వెక్కిరిస్తారట. అతిథి మర్యాద అంటే ఇదేనా?

ఆడవాళ్ల విషయం కూడా ఒక మాట అడగాలి. మీ పక్కనున్న రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ 1754లో పుట్టింది. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవచ్చని తీర్మానం చేసింది 2014లో. తొందరపడలేదు పాపం. చెయ్యి భుజం దాటి ఎత్తడం ఆడవాళ్లకు మర్యాద కాదని అనుకునే రోజుల్లో, 1867లో, వాళ్లు సొంతంగా పటింగ్ (బంతిని నేల మీదే మెల్లగా దొర్లించి గుంటలో వేసే ఆట) క్లబ్ పెట్టుకున్నారు. ఎగుడుదిగుడుగా ఉండే ఆ పచ్చికకు హిమాలయాలు అని పేరు. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడొచ్చు. నేనూ ఆడాను. ఈ ప్రాంతంలో నన్ను మనిషిగా చూసింది ఆ హిమాలయాలే.

ఇన్ని తిట్టాక కూడా ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆదివారం తమరికి సెలవు. మామూలు ఆదివారాల్లో ఇక్కడ ఎవరూ ఆడరు. గేటు లేదు, గార్డు లేడు, మెంబర్‌షిప్ కార్డు అడిగేవాడు లేడు. లోకమంతా లాటరీ వేసే ఆ గడ్డి మీద పిల్లల బళ్లు తిరుగుతాయి, ముసలాళ్లు ఫ్లాస్కులు విప్పుకుంటారు, కుక్కలు తమ పని తాము కానిస్తాయి. మామూలు రోజుల్లో కూడా మొదటి, చివరి హోళ్లకు అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే రోడ్డు బీచికి పోతూనే ఉంటుంది. బంతి కొట్టబోయేవాడు, కార్లో వెళ్లేవాడు ఒకరి కోసం ఒకరు ఆగుతారు.

అందుకే ఈ లేఖ. తమరి సంతానం లోకమంతా విస్తరించింది. బ్రిటిష్ దీవుల బయట మొదటి క్లబ్ 1829లో మా కలకత్తాలోనే పెట్టారు. ఇప్పుడు మా హైదరాబాద్ శివార్లలో విల్లాల బ్రోషర్లు ముందు గోల్ఫ్ పచ్చిక చూపించి, తర్వాత నీళ్ల కనెక్షన్ సంగతి చెబుతాయి. 1764లో తమరు మొదటి నాలుగు హోళ్లను రెండుగా కలిపి, పోతూ వస్తూ అవే హోళ్లు ఆడే రోజులు కాబట్టి 22ను 18కి కుదిస్తే, సంతానమంతా కిక్కురుమనకుండా ఆ 18ని దించేసుకుంది. బంకర్లు దించుకుంది, డ్రెస్ కోడ్‌ను ఇంకాస్త బిగించి పెట్టుకుంది. ఆదివారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాపీ కొట్టడం ఆపేసింది. తండ్రి మాటగా తమరొక కార్డు ముక్క రాయాలి. వారానికొక్క రోజు గేటు తీసి, చుట్టుపక్కల బస్తీ పిల్లల్ని ఆ గడ్డి మీద పరుగెత్తనిస్తే 18లో ఒక్కటీ తగ్గదని చెప్పాలి. నేను చెబితే వాచ్‌మన్ కూడా వినడు.

ఇట్లు,
ఆదివారపు సందర్శకుడు

తా.క.: 2027 జులైలో ఓపెన్ మళ్లీ తమరి దగ్గరికే వస్తోందట. ఫైనల్ ఆదివారమే. ఆ ఒక్క ఆదివారం రావొద్దని ఆ కుక్కలకు ఎవరు నచ్చజెబుతారో కాస్త కనుక్కుని రాయగలరు.