పది నిమిషాల సినిమాలో మనమూ ఉండాలి

అమెరికాలోని మన సంఘం ఈ ఏడాది గోదావరి జిల్లాల కాలేజీ విద్యార్థులకు షార్ట్ ఫిలిం పోటీ పెడుతోంది. నిడివి పది నిమిషాలు, ఫోన్‌తో తీసినా చాలు, అంశం "కౌలు రైతుకు గుర్తింపు". ఈ మాట వినగానే నాకు చాలా సంతోషం వేసింది. "మనకెందుకండీ రాజకీయాలు, సంక్రాంతి మీదో గోదారి అందాల మీదో పెట్టుకుంటే పోలా" అన్నవాళ్లూ ఉన్నారు. కౌలు రాజకీయమే, కాదనను. పంట ఎవరి పేరున రాయాలి, పరిహారం ఎవరి ఖాతాలో పడాలి అన్నవి చట్టసభలు తేల్చే విషయాలు. ఇరవై ఏళ్ల పిల్లలు వాటి గురించి సినిమా తీస్తే నేను గర్వపడతాను.

నా బాధంతా నిబంధనల ముసాయిదాలో ఉన్న ఒక్క వాక్యం గురించే. సినిమా ప్రభుత్వానికి విజ్ఞప్తితో ముగియాలట, భూ యజమానుల మనసు నొప్పించేలా ఉండకూడదట.

ఇంతకీ డెల్టాలో ఆ యజమానులు ఎవరు? ఈ పత్రిక చదువుతున్న మనలో చాలామందిమి.

ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో నాకు రెండెకరాల పొలం ఉంది. నాన్న పోయాక పాస్‌బుక్ నా పేరు మీదికి మారింది. సార్వా, దాళ్వా రెండు పంటలూ చేసేది మాత్రం వేరే ఆయన. చిన్నప్పటి నుంచి నేను బాబాయ్ అని పిలిచే మనిషి. ఏడాదికి ఎకరాకు ఇన్ని బస్తాలని మక్తా మాట్లాడుకుంటాం. బస్తా అంటే 75 కిలోలు. ధర పడిపోయినా, దోమ కొట్టినా, చేను నీట మునిగినా ఆ లెక్క మారదు. కాగితం ఏమీ ఉండదు, అంతా నోటిమాటే.

2023 వేసవిలో బాబాయ్ ఫోన్ చేశాడు. "అబ్బాయిగారూ, కౌలు కార్డుకి మీ సంతకం కావాలంటున్నారండి మన గ్రామ సచివాలయంలో. పదకొండు నెలలకేనండి." చూద్దాంలే బాబాయ్ అన్నాను. సంతకం పెడితే పొలం పోతుందని బంధువులు భయపెట్టారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. నేను దాన్ని చదవనైనా లేదు. చూద్దాం అన్న మాట దగ్గరే ఆ ఏడాది గడిచిపోయింది.

డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చింది. చేను కోసి పనల మీద ఉంది. నాలుగు రోజులు నీళ్లలో నానిన గింజ మొలకెత్తింది. కార్డు లేదు కాబట్టి బ్యాంకు రుణం లేదు, పెట్టుబడికి ఎరువుల కొట్లో తెచ్చిన అప్పు అలాగే ఉంది. రికార్డుల్లో ఉన్న పేరు నాది, నష్టపోయిన మనిషి ఆయన. అయినా సంక్రాంతి దాటాక మక్తా బస్తాలు ఒక్కటి కూడా తగ్గకుండా కొలిచాడు. ఆ ధాన్యం ఎక్కడి నుంచి తెచ్చి కొలిచావని నేను అడగలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అందుకే ఆ వాక్యం నాకు గుచ్చుకుంటోంది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. చేతిలో కార్డు ఉన్నా, అదే పొలం మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు కౌలుదారుకు మళ్లీ ఇవ్వడం కష్టం. 2019 చట్టమేమో యజమాని సంతకం దగ్గర ఆగిపోయింది. ప్రభుత్వాలను తప్పకుండా అడగాలి. కానీ రెండుసార్లూ బండి ఆగిపోయింది మన గుమ్మం ముందే. ఆ గుమ్మాన్ని చూపించకుండా పిల్లలు ఏం సినిమా తీస్తారు? పచ్చటి చేలు, కొబ్బరి తోటల మీద డ్రోన్ షాట్లు, చివర్లో చేతులు జోడించిన ముసలి రైతు. మన సభలో అందరం కళ్లు తుడుచుకుని భోజనాలకు లేస్తాం.

1939లో గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" తీశారు, జమీందారీ కింద నలిగిన రైతు గురించి. జమీందార్లు మండిపడ్డారు, అడ్డుకున్నారు. ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనకున్న చల్లపల్లి రాజా కూడా జమీందారే. ఎనభై ఏళ్లకు ముందే ఒక జమీందారు డబ్బుతో జమీందారీని ప్రశ్నించే సినిమా వచ్చిందంటే, ఎకరం రెండెకరాల వాళ్లం మనకెందుకంత జంకు?

ఇంకో సంగతి కమిటీ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నాకైతే అన్నిటికన్నా టెన్షన్ దీని గురించే. కెమెరా ముందు మాట్లాడిన కౌలు రైతుకు వచ్చే ఏడాది ఆ పొలం ఉంటుందా? కౌలు ఏటా మాట్లాడుకునేదే. ఊళ్లో ఒక్కరు అమెరికాకి ఫోన్ చేసి "మీవాడు మీ గురించి సినిమాలో ఏదో చెప్పాడండి" అంటే చాలు, పొలం ఇంకొకరి చేతికి మారిపోతుంది. కాబట్టి ముఖం చూపించాలా వద్దా, ఊరి పేరు చెప్పాలా వద్దా అన్నది రైతే తేల్చుకోవాలి. తీసినదంతా పంపే ముందు ఆయనకు చూపించాలి, వద్దన్న ముక్క తీసేయాలి. నిబంధనల్లో మొదట రాయాల్సింది ఇదీ. కథగా అల్లి నటులతో తీసినా సమాన మార్కులివ్వాలి. ఈ పిల్లల్లో సగం మంది కౌలు ఇళ్ల నుంచే వచ్చి ఉంటారు, వాళ్ల నాన్నల్నే అడుగుతారు.

జడ్జీలుగా మనలో ఇద్దరు ఉంటే, పొలం చేసేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. గెలిచిన సినిమాలు మన సభలో వేసేకన్నా ముందు అమలాపురంలోనో పాలకొల్లులోనో వేయాలి.

ఆ వాక్యం తీసేయమని వచ్చే సమావేశంలో నేను అందరినీ అడగబోతున్నాను. నా వంతు పని ముందే చేశాను. మొన్న వేసవిలో ఊరెళ్లి సచివాలయంలో కూర్చుని సంతకం పెట్టాను. బయటికి వచ్చాక బాబాయ్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలవ గట్టు దాకా నడిచాక అన్నాడు: "మీ పెదనాన్నగారబ్బాయి పొలం ఎకరంన్నర కూడా నేనే చేస్తన్నానండి. ఆయన కూడా అక్కడే కదండీ ఉంట?"