సరుకు లేని సంత

సంతలో అమ్మినవాడు బాగుపడతాడా, కొన్నవాడు బాగుపడతాడా అని మనం తరతరాలుగా తగువు పడుతున్నాం. స్విట్జర్లాండ్ వాళ్లు అందులో తలదూర్చకుండా ఆశీలు వసూలు చేసే కుర్చీలో కూర్చున్నారు. కోటిమంది జనాభా కూడా లేని ఆ దేశంలోని సంతల్ని శ్రద్ధగా గమనించి నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. సరుకు ఎంత తక్కువుంటే సంతకి అంత ఆయుష్షు. నోబెల్ కమిటీ వాళ్లు తొందరపడొద్దు, ముందు సాక్ష్యాలు చూపిస్తాను.

మొదట బాసెల్. గడియారాలు వాళ్ల సొంత సరుకు. 1917లో అక్కడ మొదలైన సంత కడుపున పుట్టిందే బాసెల్‌వరల్డ్ అనే గడియారాల తిరునాళ్ల. 2013లో 43 కోట్ల ఫ్రాంకులు పోసి కొత్త హాలు కట్టారు. కింద ట్రాములు పోతుంటాయి, నడినెత్తిన పెద్ద గుండ్రటి చిల్లు, ఆకాశం కనబడాలని. అంత డబ్బు పోసిన చోట చిల్లు పడటం మామూలే గానీ, ఇది పేరున్న ఆర్కిటెక్టులు గీసిచ్చిన చిల్లు. హోటళ్లవాళ్లు ఆ వారంలోనే ఏడాది సంపాదన లాగాలని చూస్తే, వచ్చినవాళ్లు సరిహద్దు దాటి జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో పడుకుని పొద్దున్నే ట్రామెక్కి వచ్చేవారు. 2018లో గడియారాల కంపెనీ స్వాచ్ గ్రూప్ ఇక మేం రాం అంది. 2020లో కరోనా వచ్చి షో ఆగింది. కట్టిన డబ్బు వెనక్కివ్వడం దగ్గర పేచీ వచ్చింది. రోలెక్స్, పటెక్ ఫిలిప్ మూట సర్దుకుని జెనీవా వెళ్లిపోయాయి. తల్లి సంత అంతకు ఏడాది ముందే, 2019లో కన్నుమూసింది. చిల్లు మాత్రం క్షేమం.

తర్వాత జెనీవా. ఇవాళ చెప్పుకోదగ్గ కార్ల ఫ్యాక్టరీ ఒక్కటీ లేని దేశంలో 1905లో కార్ల ప్రదర్శన మొదలుపెట్టారు. వినడానికి వింతే గానీ ఇందులో లౌక్యం ఉంది. జర్మనీ వాడి వాకిట్లో ఫ్రాన్స్ వాడు తన కారు నిలబెట్టాలంటే నామోషీ. సొంత కారే లేనివాడి వాకిట్లో అయితే ఎవరికీ కడుపుమంట ఉండదు. ఒక్కో ఏడాది ఆరు లక్షలమంది వచ్చేవారు. 2020లో స్టాళ్లు కట్టడం దాదాపు పూర్తయ్యాక, వెయ్యిమందికి మించి గుమిగూడకూడదని ప్రభుత్వం ఆపేసింది. వేసిన పందిరి పెళ్లి కాకుండానే విప్పేశారు. 2023లో ప్రదర్శన ఖతార్‌లోని దోహా వెళ్లింది. 2024లో సొంతూరు వచ్చి చూస్తే పెద్ద కంపెనీల్లో పలకరించినవాళ్లు బహు తక్కువ. ఇక జెనీవాలో పెట్టబోమని చెప్పేశారు. ఇప్పుడు అవే హాళ్లలో గడియారాలవాళ్లు సంత పెట్టుకుంటున్నారు. హాలుకి మాత్రం ఖాళీ లేదు, గమనించగలరు.

ఇక దావోస్, ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సు జరిగే చోటు. ఇక్కడ అసలు సరుకే లేదు, అందుకే 1971 నుంచి దివ్యంగా నడుస్తోంది. కొండమీది చిన్న ఊరు. జనవరిలో ఆ వారం మెయిన్ రోడ్డు మీద కొట్లవాళ్లు సామాను సర్దేసి కొట్టు అద్దెకిస్తారు. నిన్నటిదాకా చలికోట్లు అమ్మిన చోట ఒక దేశం బోర్డో, ఒక రాష్ట్రం బోర్డో వేలాడుతుంది. మనవాళ్లు సంక్రాంతి కోళ్ల పందేలు ముగియగానే బయల్దేరతారు. 2025లో అయితే మన ఇద్దరు ముఖ్యమంత్రులూ జ్యూరిచ్ విమానాశ్రయంలో కలుసుకున్నారు. విజయవాడకీ హైదరాబాద్‌కీ మధ్య అదే సెంటర్ కాబోలు. ఆ ఏడాది తెలంగాణ ప్రకటించిన ఒప్పందాలు, అదే ఎంఓయూలు, 1.78 లక్షల కోట్లు. వాటిలో హైదరాబాద్ కంపెనీ హైదరాబాద్‌లో ఉండే ప్రభుత్వంతో చేసుకున్నవీ ఉన్నాయి. ఆఫీసు నుంచి సచివాలయానికి, ట్రాఫిక్ లేకపోతే, అరగంట. కానీ చుట్టూ మంచు కురిస్తే గానీ సంతకం ఇంకు ఆరదు. శాలువా కప్పడానికి కూడా అక్కడ ఒక అర్థం ఉంటుంది.

నా సిద్ధాంతానికి లొంగనిది సెయింట్ గాలెన్ అనే ఊరు ఒక్కటే. ఏటా అక్టోబరులో అక్కడ ఓల్మా అని వ్యవసాయ సంత, 1943లో మొదలైంది. ఆవులు నిజం ఆవులే. సాసేజ్‌లోకి ఆవాల ముద్ద అడిగితే మొహం చిట్లిస్తారు. పందిపిల్లల్ని వరసలో నిలబెట్టి పరుగు పెట్టిస్తారు, జనం పందెం కాస్తారు. పందిపిల్లలకి మాత్రం పందెం సంగతి పట్టదు, వాటి చూపంతా చివర్న పెట్టిన మేత తొట్టి మీదే. ఎంఓయూ ఒక్కటీ లేకుండా ఈ సంత ఇంకా ఎలా బతికుందో అంతుబట్టక భీమవరంలో మా బాబాయికి ఫోన్ చేశాను. అంతా విని, "ఒరే, మనవాళ్లకి దావోస్ టిక్కెట్లు ఎందుకు తీస్తున్నార్రా, తిన్నగా ఆ ఓల్మాకే పోవచ్చుగా" అన్నాడు.